గొర్రెల సినిమా

బసవమ్మకి ఒక సినిమా మొదట్నుంచి చివరిదాకా చూసిన గుర్తు లేదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు యల్లమంద ఆమెని మాచర్ల తీసుకెళ్ళి ఒక సినిమా చూపించాడు గానీ, ఇంటర్వెల్ అయ్యాక ఆఖరి బస్సు పోతుందేమోనని ఇద్దరూ లేచి వచ్చేశారు. తర్వాత ఊళ్ళో టీవీలొచ్చాయి, వాళ్ళింటికీ ఒకటొచ్చింది. టీవీ నడుస్తున్నప్పుడు ఆమె పొయ్యి దగ్గరో కుళాయి దగ్గరో ఉండేది. మంచి పాట వినపడితే చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడేది. పాట అయిపోగానే మళ్ళీ లోపలికి పోయేది. కూర్చుని సినిమా చూసే తీరిక ఆమెకి యాభై దాటాక, లేచి తిరగలేని రోజులొచ్చాకే దొరికింది.

ఆమె పుట్టింది వెల్దుర్తి పక్క ఊళ్ళో. అక్కడంతా మెట్ట. వాన పడితే కంది, పత్తి. పడకపోతే మూట కట్టుకుని పనికి పోవడమే. పెళ్ళయ్యాక గురజాల దాటాక మాచర్ల రోడ్డు మీదున్న ఈ ఊరికి వచ్చింది. ఇక్కడ రోడ్డు పక్కనే పలుగురాళ్ళ మిల్లు ఉండేది. లారీల్లో తెల్లటి రాళ్ళు వచ్చేవి. వాటిని పిండి కొట్టి సంచుల్లో పంపేవాళ్ళు. ఆ పిండి గాజుకి వాడతారని కొందరు, రంగుల్లో కలుపుతారని కొందరు అనేవాళ్ళు. ఏది నిజమో పనిచేసేవాళ్ళకి తెలియదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అందులోనే కుదిరారు. యల్లమంద మిల్లు నోట్లో రాళ్ళు పోసేవాడు. బసవమ్మ పిండిని సంచులకి పట్టి మూతి కుట్టేది. ఎండలో చేసే పొలం పని కంటే నీడపట్టున చేసే ఈ పని మేలని అప్పట్లో అందరూ అనుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇద్దరి జుట్టూ కనురెప్పలూ తెల్లగా ఉండేవి. చిన్నతనంలో వాళ్ళ కొడుకు రామాంజి అది చూసి, ముసలోళ్ళయిపోయారని నవ్వేవాడు.

యల్లమందకి దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. టీబీ మందులు వాడాడు, తగ్గలేదు. మళ్ళీ మొదట్నుంచి వాడమన్నారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చూస్తుండగానే చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టయ్యాడు. అతను పోయిన రోజు కూడా బసవమ్మ మిల్లులోనే ఉంది. కబురు రాగానే పరిగెత్తింది. సగం దారిలో ఊపిరి అందక, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. వెనకొచ్చినవాళ్ళు దుఃఖం కొద్దీ ఆగిందనుకున్నారు. మొగుణ్ణి పట్టిన జబ్బే తననీ పట్టుకుందని ఆమెకి ఆ స్తంభం దగ్గరే తెలిసింది.

తర్వాత కొన్నాళ్ళకి మిల్లు మూతపడింది. ఓనరు ఎక్కడికో వెళ్ళిపోయాడు. రామాంజి తల్లిని గుంటూరు తీసుకెళ్ళి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాడు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది టీబీ కాదు. లోపల రాతిపొడి పేరుకుంది."

"కడగడానికి లేదా సార్?" అని రామాంజి అడిగాడు.

లేదన్నాడు డాక్టరు. ఉన్నన్నాళ్ళు ఆక్సిజన్ పెట్టుకోమన్నాడు.

అలా బసవమ్మ ఇంట్లో, గోడకి ఆనించిన మంచం మీద, వీపు వెనక దిండ్లతో కూర్చుండిపోయింది. పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకి పైపు, పైపు చివర గుయ్యిమని మోగే మిషను, కరెంటు పోతే మిషను ఆగకుండా ఇన్వర్టరు, అదీ అయిపోతే మూలన చిన్న సిలిండరు. పైపు గుమ్మం దాకా వచ్చేది. ఆమె లోకం కూడా అక్కడిదాకానే.

రామాంజి టిప్పర్ తోలేవాడు. తెల్లారకముందే పోయేవాడు. కోడలు మహేశ్వరి మిరపకాయల తొడిమలు తీయడానికి కోల్డ్ స్టోరేజీకి పోయేది. సాయంత్రం వచ్చాక బయట బాత్రూంలో తలమీద నుంచి నీళ్ళు పోసుకుని, చీర మార్చుకున్నాకే లోపలికి అడుగుపెట్టేది. లేకపోతే ఆ ఘాటుకి అత్తకి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. వాళ్ళ పిల్లాడు నరసరావుపేట హాస్టల్లో ఉండేవాడు. పగలంతా ఇంట్లో బసవమ్మా, మిషనూ.

తల్లికి పొద్దుపోవడం లేదని రామాంజి గోడకి పెద్ద టీవీ బిగించి నెట్టు పెట్టించాడు. మహేశ్వరి పనికి పోతూ యూట్యూబ్‌లో ఏదో ప్రవచనం పెట్టి, రిమోట్ అత్త పక్కన పెట్టి వెళ్ళేది. బసవమ్మకి రిమోట్‌లో సౌండు పెంచడం, తగ్గించడం తప్ప ఏమీ రాదు. ప్రవచనం అయిపోతే టీవీ దాని ఇష్టం వచ్చింది వేసుకునేది. ఒకసారి వంటలు, ఒకసారి ట్రాక్టర్ల రిపేర్లు, ఒకసారి ఎవరో పెళ్ళి వీడియో. ఏది వస్తే అది చూసేది.

శివరాత్రి ముందు ఒకరోజు, ప్రవచనం అయ్యాక టీవీలో గాలి చప్పుడు వినపడింది. బయట గాలి లేచిందేమో, మిద్దె మీద బట్టలు ఎగిరిపోతాయని ఆమె కిటికీ వైపు చూసింది. బయట ఆకు కదలడం లేదు. గాలి టీవీలోనే. రంగుల్లేని బొమ్మ. పెద్ద కొండ, కొండ నిండా గడ్డి, చెట్టన్నది లేదు. గడ్డిలో అక్కడక్కడా తెల్లటి రాళ్ళున్నాయి. కాసేపటికి రాళ్ళు కదిలాయి. అప్పుడు గొర్రెలని తెలిసింది.

కొండ పైనుంచి ఇద్దరు దిగుతున్నారు. చీమలంత ఉన్నారు. బసవమ్మ గ్లాసు అందుకుని నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, మూత పెట్టి, మళ్ళీ చూసింది. ఇంకా దిగుతూనే ఉన్నారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఆడమనిషి తలకి గుడ్డ కట్టుకుంది. మగమనిషికి మోకాళ్ళ కింది దాకా కోటు. దగ్గరికొచ్చారు, గొర్రెల్ని అదిలించారు, ఇటుపక్కకి వెళ్ళిపోయారు. వాళ్ళు పోయాక కూడా ఆ కొండనే చూపించాడు. ఏదో అవుతుందని ఎదురుచూసింది. ఏమీ కాలేదు. గడ్డి ఊగింది, అంతే.

మొదట ఆమెకి టీవీ పాడైందేమోనన్న అనుమానం వచ్చింది. తర్వాత తనకి దగ్గు రాలేదని గమనించింది. మామూలు సినిమాల్లో జనం ఉరుకుతుంటే, కొట్టుకుంటుంటే, ఆమె గుండె కూడా వాళ్ళతోపాటు ఉరికేది, ఆయాసమొచ్చేది. ఇక్కడ ఎవరికీ తొందర లేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నంతసేపు కూర్చుంటున్నారు. వాళ్ళతోపాటు ఆమె కూడా ఊపిరి తీసుకుని, వదిలి, మళ్ళీ తీసుకుంది.

మధ్యాహ్నం కరెంటు పోయి టీవీ ఆగిపోయింది. సాయంత్రం రామాంజి వచ్చాక, "ఒరేయ్, పొద్దున గొర్రెల సినిమా వచ్చింది, రేపు గూడా అదే పెట్టమను," అంది. రామాంజికి ముందు అర్థం కాలేదు. ఫోనులో వెనక్కి వెతికి చూస్తే దొరికింది. పేరు ఏ భాషదో, అక్షరాలే తెలియలేదు. కింద పసుపురంగు ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో ఒకసారి పడుతున్నాయి.

"ఇందులో ఏముందమ్మా?"

"ఏం లేదు. పెట్టు."

రెండో రోజో మూడో రోజో గురవమ్మ వచ్చింది. ఆమె కూడా మిల్లులో పనిచేసిన మనిషే. బసవమ్మ కుట్టిన సంచుల్ని లారీకి ఎత్తేది. ఇద్దరికీ చుట్టరికం లేదు, మిల్లులో పరిచయమైన మొదటి రోజుల్లోనే ఒదినా అని వరస కలుపుకున్నారు. గురవమ్మ ఊపిరి ఇంకా పైపు దాకా రాలేదు. తన ఇంటి నుంచి ఈ ఇంటికి మధ్యమధ్యలో ఆగుతూ నడిచి రాగలిగేది. వచ్చి మంచం పట్టె మీద కూలబడి, రొప్పు తగ్గేదాకా మాట్లాడకుండా టీవీ చూసింది.

"ఏంది ఒదినా ఇది, టీవీ పోయిందా? రంగుల్లేవు."

"పాత సినిమా. ఏ దేశందో."

"మాటల్లేవేంది?"

"ఎప్పుడన్నా ఒక మాట అనుకుంటారు. అదీ మనకి తెలవదు."

గురవమ్మ ఇంకాసేపు చూసింది. "ఎక్కడికి పోతన్నారు ఈళ్ళు?"

"పోతన్నారు."

"ఎక్కడికని అడుగుతున్నా."

"కూర్చో. తెలుసుద్దిలే."

తెలియలేదు. అయినా గురవమ్మ మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పొద్దున్నే అన్నం వండి పడేసి వచ్చేది. కోడళ్ళు పనులకి పోయాక ఆమెకి మాత్రం ఇంట్లో ఎవరున్నారు. ఇద్దరూ పక్కపక్కన గోడకానుకుని కూర్చునేవాళ్ళు. మిషను గుయ్యిమనేది. టీవీలో గాలి వీచేది. మాట్లాడాలంటే ఇద్దరికీ ఊపిరి కూడగట్టుకోవాలి కాబట్టి, ఒకరు ఒక మాట అన్నాక రెండోవాళ్ళ జవాబు రావడానికి కొండ మీద మబ్బు ఇటు నుంచి అటు పోయేంతసేపు పట్టేది.

సినిమాలో ఇద్దరూ మొగుడూ పెళ్ళాలా, అక్కాతమ్ముళ్ళా అని వాదన వచ్చింది. అక్కాతమ్ముళ్ళని బసవమ్మ అంది.

"మొగుడూ పెళ్ళాలే," అంది గురవమ్మ. "అక్కాతమ్ముళ్ళయితే ఇంతసేపు మాట్టాడుకోకుండా ఉంటారా?"

బసవమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా గురవమ్మ ఆమె వీపు రాసింది.

ఆ ఇద్దరూ కొండల మీద నుంచి గొర్రెల్ని ఎక్కడికో కిందికి తోలుకుపోతున్నారు. రాయిలాంటి రొట్టెని కత్తితో కోసుకుని తింటారు. రాత్రయితే నిప్పు పక్కన ముడుచుకుంటారు. తెల్లారితే నడుస్తారు. మగమనిషి మాటిమాటికీ వెనకబడతాడు. ఆమె ఆగి, అతను వచ్చేదాకా గొర్రెల్ని చూస్తున్నట్టు నిలబడుతుంది. మొదట్లో బసవమ్మా గురవమ్మా అతన్ని సోమరిపోతనుకున్నారు. ఒకరోజు గురవమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని చూసి, "ఒదినా, ఆ మడిసిది మన జబ్బే," అంది.

"ఆ కొండల్లో మిల్లెక్కడుంటదే?"

"మిల్లే ఉండాలా. చూడు, నాలుగడుగులేసి ఎట్టా నిలబడతన్నాడో. నిలబడి కొండని చూస్తన్నట్టు నటిస్తన్నాడు. నేను గూడా అంతే. రేషన్ షాపు కాడ ఆగి బోర్డు చదువుతున్నట్టు నిలబడతా. నాకు చదువొచ్చా ఏమన్నానా?"

అప్పట్నుంచి వాళ్ళు అతని రొమ్మునే చూడసాగారు. కోటు కింద అది ఎగిసిపడుతున్నట్టే కనపడేది. కొండ ఎక్కలేక అతను రాయి మీద కూర్చుంటే గురవమ్మ, "కూర్చో నాయనా, కూర్చో," అనేది మెల్లగా.

కొండల నడుమ ఒక చోట ఎవరూ లేని రాతి గుడిసె వస్తుంది. ఆమె అతన్ని అందులోకి తీసుకెళ్ళి పడుకోబెడుతుంది. తను బయటికొచ్చి గొర్రెల మధ్య కూర్చుంటుంది. మంచు దిగుతుంది. గుడిసె, మంచు, గుడిసె, మంచు, అదే చూపిస్తూ ఉంటాడు. సరిగ్గా ఆ దగ్గరికొచ్చేసరికి రోజూ కరెంటు పోయేది. ఎండలు ముదిరే కొద్దీ మధ్యాహ్నం కోత తప్పేది కాదు. మిషను ఇన్వర్టరు మీదకి మారి కుయ్‌మనేది. టీవీ నల్లగా అయిపోయేది. కరెంటు వచ్చాక టీవీలో ఇంకేదో వచ్చేది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఇద్దరికీ రాదు.

"ఆయన్ని ఎవరో ఒకరొచ్చి తీసుకుపోతారు," అనేది గురవమ్మ ఆరిపోయిన టీవీని చూస్తూ. "ఊళ్ళోకి కబురు పెట్టుంటది. గుర్రమేసుకొస్తారు చూడు."

"రారు," అనేది బసవమ్మ.

"నీకెట్టా తెలుసు?"

"అన్ని రోజులు నడిచారు గదా, ఒక్క మడిసన్నా ఎదురొచ్చాడా?"

గురవమ్మ చెంగు సర్దుకుని, లేవడానికి ముందు కాసేపు ఊపిరి కూడగట్టుకుని, ఇంటికి పోయేది.

ఊళ్ళో వాళ్ళకి ఇది వింతయింది. ఇద్దరు ముసలోళ్ళు తెల్లారి లేస్తే దొరల గొర్రెల్ని కాస్తున్నారని ఎవరో అన్నారు. మహేశ్వరి కూడా ఒకరోజు, "అత్తా, నీకు విసుగు రాదా, రోజూ అదే?" అంది.

"రోజూ నువ్వు తీసేవి అయ్యే తొడిమలు గదా."

"అది పని."

"ఇది గూడా ఒక పనేలే," అంది బసవమ్మ.

ఎండాకాలం నడుమకి వచ్చేసరికి గురవమ్మ రావడం తగ్గింది. రోజు విడిచి రోజు వచ్చేది. తర్వాత వారానికోసారి. ఒకసారి వచ్చి, కూర్చుని, సినిమా అంతసేపూ కళ్ళు మూసుకునే ఉంది. పోతూ పోతూ, "గుడిసె కాడికొచ్చిందా?" అని అడిగింది. ఇంకా రాలేదంది బసవమ్మ. ఆ తర్వాత గురవమ్మ ఇల్లు దాటలేదు. ఆమెకీ సిలిండరు పెట్టారని మహేశ్వరి చెప్పింది. రెండిళ్ళ మధ్య దూరం పెద్దదేం కాదు. అయినా ఒకరి పైపు ఇటు, ఒకరి పైపు అటు.

ఒక ఆదివారం రామాంజి ఇంట్లో ఉన్నాడు. బసవమ్మ అతన్ని అడిగింది, గుడిసె దగ్గర్నుంచి పెట్టమని. రామాంజి ఫోనుతో ముందుకి జరిపి, గుడిసె వచ్చాక ఆపాడు. తనూ చూస్తానని తల్లి పక్కన కింద కూర్చున్నాడు. మంచు దిగేలోపే తల వాల్చి నిద్రపోయాడు. వారమంతా టిప్పర్ తోలిన ఒళ్ళు. బసవమ్మ అతని తల కింద ఒక దిండు తోసి, ఒక్కతే చూసింది. ఆ రోజు కరెంటు పోలేదు.

అయిపోయాక రామాంజి ఫోను తీసుకుని, గురవమ్మకి కలపమంది. అటు నుంచి చాలాసేపు ఊపిరి చప్పుడే వచ్చింది.

"ఒదినా, చూశా."

"ఆఁ."

"ఎవరూ రాలా. గుర్రమూ రాలా."

బసవమ్మ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"పొద్దున్నే ఆవిడ గుడిసెలోకి పోయింది. లోపల ఏం చూపించలా. తలుపే చూపించాడు చానాసేపు. ఆవిడ బయటికొచ్చింది. తలుపు దగ్గరికేసి తాడు కట్టింది. ఆయన కోటు ఈవిడ తొడుక్కుంది."

"తొడుక్కుందా?"

"తొడుక్కుంది. చేతులు పొడుగైనయ్. మడుచుకుంది."

"ఏడ్చిందా?"

"లేదు. గొర్రెల్ని తోలుకుని పోయింది. పోతానే ఉంది, పోతానే ఉంది, కనపడకుండా పోయిందాకా చూపించాడు."

గురవమ్మ ఊపిరి రెండు మూడు సార్లు ఎగిసి ఆగింది. "చలి గదా," అంది చివరికి. "మంచిపని చేసింది. మంచి కోటు, ఉత్తపుణ్యాన అందులో ఎందుకు ఉండిపోవాల."

"అంతే," అంది బసవమ్మ.

"మొగుడూ పెళ్ళాలేలే వాళ్ళు," అంది గురవమ్మ.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అదే ఆఖరు. గురవమ్మని గుంటూరు తీసుకెళ్ళారు, అక్కడ బెడ్డు దొరకలేదు, వెనక్కి తెచ్చారు. ఇంట్లోనే పోయింది. డప్పుల చప్పుడు బసవమ్మకి వినపడింది గానీ ఊరేగింపు వాళ్ళ వీధిలోకి రాలేదు, అటునుంచి అటే తీసుకుపోయారు. మహేశ్వరి ఆ రోజు పని మానుకుని అత్త బదులు తను వెళ్ళొచ్చింది. స్నానం చేసి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏం చీర కట్టారు?" అని అడిగింది బసవమ్మ.

"కొత్తదే. గులాబీ రంగుది. వాళ్ళ కోడలు తెచ్చిందంట."

"గురవమ్మకి గులాబీ రంగు పడదు," అంది బసవమ్మ. ఏడవలేదు. ఏడిస్తే ఊపిరి ఆగిపోతుందని ఆమెకి భయం. ఆ జబ్బు మనిషిని ఏడవనివ్వదు.

తర్వాత కూడా ఆమె సినిమా పెట్టించుకుంది. కానీ గుడిసె దాకా చూసేది కాదు. మొదట్లో వచ్చే కొండ, గడ్డి, దిగొచ్చే ఇద్దరు మనుషులు, అంతవరకే చూసి కళ్ళు మూసుకునేది. మిషను చప్పుడులో గాలి చప్పుడు కలిసి వినపడితే చాలన్నట్టుండేది. ఒకరోజు మహేశ్వరి ఎంత వెతికినా సినిమా రాలేదు. నల్లటి తెర మీద ఏదో రాసుంది. రామాంజి సాయంత్రం వచ్చి చూసి, తీసేశారమ్మా అన్నాడు.

"ఎవరు?"

"పెట్టినోళ్ళే."

"ఎందుకు?"

ఏమో అన్నాడు. వేరే చోట ఉంటుందేమోనని వెతికాడు. పేరు తెలియదు, భాష తెలియదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని "గొర్రెల పాత సినిమా" అని చెప్పాడు. గొర్రెల పెంపకం మీద శిక్షణ వచ్చింది. గొర్రెల సంత వచ్చింది. నెల్లూరు జాతి పొట్టేలు వచ్చింది. "కొండల సినిమా" అని చెప్పాడు. ఏవో పాటలొచ్చాయి. తల్లి ఒక్కోదాన్నీ చూసి, కాదన్నట్టు తలూపుతూ పోయింది. చాలాసేపటికి, "పోనీలేరా, పడుకో, పొద్దున్నే పోవాలిగా," అంది.

రామాంజికి ఆ మాట మనసులో ఉండిపోయింది. తల్లికి కొండల మీద దిగులు పడిందని అతను అనుకున్నాడు. ఆమె పుట్టిన ఊరి వెనక నల్లమల కొండలు కనపడతాయి. ఆమె అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో. ఒకసారి తీసుకెళ్ళి చూపిద్దామని మహేశ్వరితో అన్నాడు. ఊపిరాడని మనిషిని అంత దూరమా అని మహేశ్వరి భయపడింది. సిలిండరు నిండా ఆక్సిజన్ ఎక్కించుకుంటే పోయి రావచ్చని రామాంజి లెక్క వేసుకున్నాడు. తన స్నేహితుడు గోపీచంద్ దగ్గర వ్యాను అడిగి తెచ్చాడు. బసవమ్మ వద్దనలేదు, సరేననీ అనలేదు. కొడుకు ఎత్తుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆమె బరువు తెలిసి, రామాంజి తలుపు వేసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పొద్దున్నే బయలుదేరారు. పొలాల్లో మిరప కోతలు ఎప్పుడో అయిపోయాయి, కల్లాలు ఊడ్చేసినట్టున్నాయి. పీకిపడేసిన పత్తి కట్టె కుప్పలు గట్ల మీద ఎండుతున్నాయి. పొలాల చుట్టూ నిలబెట్టిన నాపరాళ్ళు. బసవమ్మ అన్నీ చూస్తూ కూర్చుంది. వ్యాను జోరుగా పోతుంటే ఏదీ సరిగా చూసేలోపే వెనక్కి పోతోంది. "మెల్లగా పోనియ్యి," అంది ఒకసారి. రామాంజి మెల్లగా తోలాడు. వెనకవాళ్ళు హారన్ కొడితే మళ్ళీ వేగం పెంచాడు.

మాచర్ల దాటాక దూరంగా కొండలు కనపడ్డాయి. బూడిదరంగులో, ఎండ పొగలో. "అయ్యేనమ్మా," అన్నాడు రామాంజి. బసవమ్మ తలూపింది. ఇంకొంచెం పోయాక రోడ్డు వెడల్పు చేస్తున్న చోట బండ్లు ఆగిపోయాయి. ముందూ వెనకా లారీలు. ఎడమ పక్కన కొండ. కొండ కాదు, సగం కొండ. ఇటువైపంతా కోసేసి ఉంది, లోపలి రాయి పచ్చిగా కనపడుతోంది. దాని కింద క్రషరు ఆడుతోంది. దుమ్ము లేచి రోడ్డు మీదకి వస్తోంది. మూతులకి గుడ్డలు కట్టుకున్న నలుగురైదుగురు దుమ్ములో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆడో మగో తెలియడం లేదు.

"అద్దం ఎత్తు," అంది బసవమ్మ. రామాంజి ఎత్తాడు. అప్పటికే లోపలికొచ్చిన దుమ్ముకి దగ్గు మొదలైంది. తగ్గలేదు. రామాంజి సిలిండరు పెంచాడు. తల్లి పెదాలు నల్లబడ్డాయి. ఒక చేత్తో ఆమెని పట్టుకుని, రెండో చేత్తో సిలిండరు ముల్లు చూశాడు. అది అనుకున్నదానికంటే కిందికి దిగిపోయి ఉంది. రోడ్డు ఎప్పుడు వదులుతారో తెలియదు. ఇంకేం ఆలోచించకుండా వ్యానుని డివైడరు రాళ్ళ సందులోంచి వెనక్కి తిప్పాడు.

కొంత దూరం వచ్చాక దగ్గు తగ్గింది.

"ఇంకోసారి పోదాంలే అమ్మా. రోడ్డు అయిపోయాక."

"చూశాగా," అంది బసవమ్మ.

ఇంకొంచెం దూరం పోయాక ఆమె అడిగింది. "నువ్వు రాయి ఎత్తేది అట్టాంటి చోటేనా?"

"అదీ, ఇంకా రెండు మూడు చోట్ల."

"మూతికి కట్టుకుంటన్నావా?"

"నేను క్యాబిన్‌లో ఉంటా గదమ్మా. అద్దాలేసుకుంటా."

"ఈ ఎండల్లో అద్దాలేసుకుని కూర్చుంటావా?"

రామాంజి గేరు మార్చాడు. ఎదురుగా వస్తున్న బస్సుకి దారిచ్చాడు. "లోపల పనిచేసేవాళ్ళకిమల్లే కాదమ్మా నాది," అన్నాడు. "లోడు వేసిందాకా, అంతే."

బసవమ్మ కొడుకు వైపు తిరిగి చూసింది. ముప్పై నిండిన మొహం. చెవి మడతలో, మెడ ముడతలో, పొద్దున స్నానం చేసినా పోని తెల్లటి గీతలున్నాయి. ఎప్పట్నుంచి ఉన్నాయో. రోజూ అతను చీకటితో పోయి చీకటితో వస్తుంటే, ఇలా పగటి వెలుగులో దగ్గరగా చూసి ఎన్నాళ్ళయిందో. "వేరే పని చూసుకోరాదంట్రా," అంది.

"చూస్తన్నా," అన్నాడు రామాంజి. అతను చూడటం లేదని ఇద్దరికీ తెలుసు. టిప్పర్ కాకపోతే ట్రాక్టరు, అది కాకపోతే మళ్ళీ ఏదో మిల్లు. ఆ చుట్టుపక్కల రాయితో పని లేని బండి ఏముంది.

ఇంటికొచ్చేసరికి మహేశ్వరి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ రోజంతా బసవమ్మ కళ్ళు తెరవలేదు. మర్నాటికి తేరుకుంది గానీ, అప్పట్నుంచి మిషను మీద ముల్లు ఒక గీత పైకి పెట్టాల్సొచ్చింది. అది మళ్ళీ కిందికి దిగలేదు. టీవీ వద్దంది. ఆ కరెంటు కూడా ఇన్వర్టరుకి పోనియ్యమంది. అలా పోదని మహేశ్వరి చెప్పబోయి ఊరుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున, చీకటి ఉండగానే, బసవమ్మ కోడల్ని లేపి ఒక తువ్వాలు తడిపించింది. బాగా పిండి, మడతపెట్టి, రామాంజికి ఇమ్మంది. రామాంజి చెప్పులేసుకుంటూ దాన్ని తీసుకుని భుజాన వేసుకున్నాడు. "కట్టుకుంటాలే అమ్మా," అన్నాడు. గేటు చప్పుడైంది. వీధి చివర టిప్పర్ స్టార్టయింది. ఇంజను వేడెక్కేదాకా అలాగే మోగుతూ ఉంది.

"కట్టుకున్నాడా?" అని అడిగింది బసవమ్మ.

మహేశ్వరి పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతోంది. "కట్టుకున్నాడత్తా," అంది వీధి వైపు చూడకుండానే.